లాస్ పాల్మాస్ ఏఆర్‌సీ రివ్యూ: కట్టిన ఫీజు రేవులోనే వసూలవుతుంది

అట్లాంటిక్ మహాసముద్రాన్ని తెరచాప పడవలో దాటాలనుకునేవాళ్ల దగ్గర ఫీజు తీసుకుని, అందరినీ ఒకే రేవు నుంచి ఒకేసారి బయల్దేరదీసే ర్యాలీ ఒకటుంది. దాని పేరు ఏఆర్‌సీ, అంటే అట్లాంటిక్ ర్యాలీ ఫర్ క్రూజర్స్. నేను అందులో క్రూగా వెళ్లొచ్చానని తెలిశాక ఆఫీసులో వాళ్లు, ఇంట్లో వాళ్లు, ఇండియా నుంచి ఫోన్ చేసిన స్నేహితులు అందరూ అడిగింది ఒకటే. సముద్రానికి టోల్‌గేట్ లేదు, గాలికి బిల్లు రాదు, మరి ఈ ఫీజు దేనికి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దారిలో తోడు కోసమే అయితే ఆ డబ్బు కట్టకండి. బయల్దేరిన మర్నాడో ఆ మర్నాడో చూస్తే చుట్టూ ఒక్క తెరచాప కూడా కనపడదు, అన్ని పడవలూ ఎటు పోయాయో అర్థం కాదు, ఇక అవతలి ఒడ్డు దాకా మీరూ మీ పడవే. బయల్దేరే ముందు కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ రేవులో జరిగే రెండు వారాల తయారీ కోసం అయితే మాత్రం సందేహం లేకుండా కట్టొచ్చు. అందుకే ఈ రివ్యూలో సముద్రం గురించి పెద్దగా ఉండదు, రేవు గురించే ఉంటుంది.

కొత్తవాళ్ల కోసం కొంచెం వెనక కథ. జిమ్మీ కార్నెల్ అనే ఆయన 1986లో దీన్ని మొదలుపెట్టారు. ఆ మొదటి ఏడాదే 204 పడవలు స్పెయిన్‌కి చెందిన కానరీ దీవుల నుంచి బార్బడోస్‌కి వెళ్లాయి. 1990 నుంచి గమ్యం కరీబియన్‌లో ఉన్న సెయింట్ లూసియా దీవిలోని రాడ్నీ బే. దూరం సుమారు 2,700 నాటికల్ మైళ్లు, అంటే మన లెక్కలో 5,000 కిలోమీటర్లు. పందేనికి కాక విహారానికి వాడే మామూలు క్రూజింగ్ పడవలకి మూడు వారాలు అటూ ఇటుగా పడుతుంది. ఇప్పుడు దీన్ని నడిపేది వరల్డ్ క్రూజింగ్ క్లబ్. కేప్ వెర్డేలోని మిండెలోలో ఆగి వెళ్లే ఏఆర్‌సీ ప్లస్ అని ఇంకో దారి ఉంది, అది నవంబర్ మొదట్లోనే బయల్దేరుతుంది. మేం వెళ్లింది నేరుగా వెళ్లే పాత దారిలో, నవంబర్ రెండో సగంలో. అప్పుడే ఎందుకంటే కరీబియన్‌లో తుఫాన్ల సీజన్ నవంబర్ ఆఖరుతో ముగుస్తుంది, మనం చిన్నప్పుడు భూగోళశాస్త్రంలో చదువుకున్న ఈశాన్య వ్యాపార పవనాలు కూడా అప్పటికి కుదురుకుంటూ ఉంటాయి. 1492లో కొలంబస్ కూడా కానరీల్లో ఆగి, పింటా అనే ఓడ చుక్కాని బాగుచేయించుకుని, నీన్యా అనే ఇంకో ఓడ తెరచాపలు మార్పించుకునే పడమటికి బయల్దేరాడు. అంటే ఇక్కడ ఆగి రిపేర్లు చేసుకోవడం ఐదు వందల ఏళ్లకు పైగా ఉన్న అలవాటే.

నేను ఉండేది ఇంగ్లండ్‌లో, సౌతాంప్టన్ దగ్గర. సెయిలింగ్ నేర్చుకున్నది అక్కడి సోలెంట్ జలసంధి నీళ్లలో. పడవ నాది కాదు, స్కిప్పర్‌ది, అంటే పడవ కెప్టెన్‌ది. ఆయన, ఆయన భార్య, డచ్ కుర్రాడు ఒకడు, నేను, మొత్తం నలుగురం. కాబట్టి ఇది పడవ యజమాని కోణం నుంచి కాదు, జీతం లేకుండా పనిచేసి తన ఖర్చు తను పెట్టుకునే క్రూ కోణం నుంచి రాస్తున్నది.

ఈ సర్వీసులో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది సేఫ్టీ తనిఖీ. నిర్వాహకుల మనుషులందరూ పసుపు రంగు టీషర్టుల్లో తిరుగుతుంటారు, పాంటూన్ మీద, అంటే పడవలు కట్టే తేలే వంతెన మీద, అందరూ వాళ్లని ‘ఎల్లో షర్ట్స్’ అనే పిలుస్తారు. టైమ్ ఇచ్చి ఒకరు పడవలోకి వస్తారు. కాగితం మీద టిక్కులు పెట్టుకుని వెళ్లిపోతారేమో అనుకున్నాను. అలా జరగలేదు. లైఫ్‌జాకెట్లు ఉన్నాయా అని అడగలేదు, అన్నీ తెచ్చి టేబుల్ మీద పెట్టమన్నారు. ఒక్కోదాన్నీ తెరిచి లోపలి గ్యాస్ సిలిండర్ని చేత్తో తిప్పి చూశారు, ఎందుకంటే పడవ కుదుపులకి అది మర నుంచి వదులవుతుంది, వదులైతే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ ఉబ్బదు. ఉబ్బే మెకానిజం మీద ఉన్న ఎక్స్‌పైరీ తేదీ చూశారు. లైటు వెలుగుతుందా, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉందా అని చూశారు. ఆ పట్టీ లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి జారి తల మీదకి వచ్చేస్తుంది, మనిషి కిందే ఉంటాడు. ఇవన్నీ మనకి తెలియనివేం కాదు, కానీ తెలిసిన సంగతిని ఎవరో ఎదురుగా కూర్చుని చేసి చూపించమన్నప్పుడు అది ఇంకోలా ఉంటుంది.

తర్వాత లైఫ్‌రాఫ్ట్, అంటే పడవ మునిగితే ఎక్కే, గాలితో ఉబ్బే తెప్ప. సర్వీసింగ్ సర్టిఫికెట్ చూడటం ఒక ఎత్తు, అది పడవలో ఎక్కడ ఉందన్నది ఇంకో ఎత్తు. ఆఫ్‌షోర్ సెయిలింగ్ నియమాల ప్రకారం దాన్ని 15 సెకన్లలో పడవ అంచుకి తేగలగాలి. చాలా బరువుంటుంది, ఊగే డెక్ మీద ఒక్కరు ఎత్తడం కష్టం. మా పడవలో ఆ పని ఎవరు చేస్తారు, ఆ మనిషి నిద్రలో ఉంటే ఎవరు చేస్తారు అని అడిగారు. అప్పటికప్పుడు మేం నలుగురం కూర్చుని, ఎవరు ఏ సామాను పట్టుకోవాలో రాసి, ఆ కాగితాన్ని చార్ట్ టేబుల్ పైన అంటించాం. తనిఖీ వల్ల జరిగిన అసలు మేలు ఇదే అనుకుంటాను. ఆ ప్రశ్నతో నలుగురు ప్రయాణికులం ఒక క్రూ అయ్యాం.

ఆపదలో ఉపగ్రహాలకి సిగ్నల్ పంపే బీకన్, దాన్ని ఈపర్బ్ అంటారు, 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అది ఈ పడవ పేరు మీదే రిజిస్టర్ అయి ఉందా, ఇంటి దగ్గర ఫోన్ ఎత్తే మనిషి నంబరు అందులో ఉందా అని చూస్తారు. పడవ కొన్నప్పుడు పాత యజమాని పేరు మార్పించడం మర్చిపోయేవాళ్లు ఉంటారట. అది చిన్న విషయం కాదు. 2018లో ఒంటరిగా పడవలో భూగోళం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో మన నేవీ అధికారి అభిలాష్ టోమీ పడవ దక్షిణ హిందూ మహాసముద్రంలో తిరగబడి, తెరచాపలు కట్టే స్తంభం (మాస్ట్) విరిగి, వెన్ను దెబ్బతిని ఆయన కదలలేని స్థితిలో ఉన్నప్పుడు ఫ్రెంచ్ నౌక ఒసిరిస్ వెతుక్కుంటూ వెళ్లి కాపాడింది. ఆయన ఎక్కడున్నారో ప్రపంచానికి చెప్పింది ఇలాంటి బీకన్లే. ఆ పెట్టెని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

చుక్కాని సంగతి కూడా ఇంతే గట్టిగా చూస్తారు. స్టీరింగ్ చక్రం నుంచి చుక్కానికి వెళ్లే కేబుల్ తెగితే వాడే ఎమర్జెన్సీ టిల్లర్ అనే ఇనుప కడ్డీ ప్రతి పడవలోనూ ఉంటుంది, చాలా పడవల్లో అది కొన్న రోజు నుంచీ ఏ పరుపు కిందో పడి ఉంటుంది. దాన్ని తీసి, బిగించి, తిప్పి చూపించాలి. బిగించాక అది తిరగడానికి చోటుందా, అది పట్టుకున్న మనిషికి దిక్సూచి కనిపిస్తుందా? ఇది ఊరికే భయపెట్టడం కాదు. మన నేవీ మహిళలు ఆరుగురు ఐఎన్ఎస్‌వీ తారిణి మీద 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి భూగోళం చుట్టి వచ్చారు కదా, ఆఖరి విడతలో కేప్‌టౌన్ నుంచి గోవాకి వస్తుంటే స్టీరింగ్ సమస్య వచ్చి 2018 ఏప్రిల్‌లో మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. ఆ ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. సెయిలింగ్ మనవాళ్ల పని కాదు అనేవాళ్లకి నేను చెప్పే మొదటి జవాబు వాళ్లిద్దరే.

మాస్ట్, దానికి కట్టే తీగలూ తాళ్లూ (రిగ్గింగ్) గురించి ఎక్కువ రాస్తే పడవల్లేనివాళ్లకి విసుగు, అయినా ఒక్కటి చెప్పాలి. వ్యాపార పవనాల్లో గాలి వెనక నుంచి వస్తుంది, పడవ రోజుల తరబడి ఇటూ అటూ దొర్లుతూ పోతుంది. ఆ ఊపులో పెద్ద తెరచాప కింద ఉండే బూమ్ అనే అడ్డ కమ్మీ ఒక్కసారిగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి విసురుగా వస్తే మనుషుల తలలు పగులుతాయి. అది రాకుండా బూమ్ చివర నుంచి ముందు భాగానికి కట్టే తాడుని ప్రివెంటర్ అంటారు. ఇలా వెనక గాలితో పడవ నడపడం మీద జరిగే డౌన్‌విండ్ సెమినార్ చెప్పినాయన ఆ తాడు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలి, దాన్ని పడవ నడిపేవాళ్లు కూర్చునే కాక్‌పిట్ నుంచే ఎలా వదలాలి అని బొమ్మలు గీసి మరీ చెప్పాడు. అదే సాయంత్రం పాంటూన్ మీద నడుస్తుంటే పడవ పడవకీ మనుషులు తాళ్లు మార్చి కడుతూ కనిపించారు. ఒకే చోట మూడు వారాలు రాసుకుంటే ఎంత మంచి తాడైనా తెగుతుందని కూడా ఆ క్లాసులోనే మనసుకి ఎక్కింది. మేం మాస్ట్ పైకెక్కి, తెరచాపల్ని పైకి లాగే హాలియార్డ్ తాళ్లు కప్పీల దగ్గర రాసుకునే చోట గట్టి తొడుగులు వేశాం, పిన్నుల మీద టేపు చుట్టాం.

సెమినార్లు అన్నీ ఒకే స్థాయిలో ఉండవు. వాతావరణం, డౌన్‌విండ్ సెయిలింగ్, అత్యవసర పరిస్థితులు, ఈ మూడూ తప్పకుండా వినాలి. సెక్స్టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో సూర్యుణ్ని చూసి దారి కనుక్కునే క్లాసు సరదాగా ఉంటుంది, కానీ అక్కడ ఒక్క రోజులో అది రాదు, ఇంటి దగ్గర ముందే కొంత చదువుకుని వెళ్తేనే ఉపయోగం. హాలు త్వరగా నిండుతుంది, ముందే వెళ్లండి. అన్నీ ఇంగ్లిష్‌లోనే. యాసలు రకరకాలుగా ఉంటాయి, అర్థం కానిది లేచి అడిగితే ఎవరూ విసుక్కోరు, నేను చాలా అడిగాను.

క్లాసుల కంటే డెమోలు గొప్పగా ఉంటాయి. స్విమ్మింగ్ పూల్‌లో లైఫ్‌రాఫ్ట్ తెరిచి, అది బోర్లా పడితే ఎలా తిప్పాలో చూపిస్తారు. ప్రశాంతమైన పూల్‌లోనే, చుట్టూ చప్పట్లు కొట్టే మనుషుల మధ్యే, తడిసిన బట్టలతో రాఫ్ట్‌లోకి ఎక్కడం ఎంత కష్టమో చూస్తే, పడవ నిజంగా మునిగిపోతుంటే తప్ప దాన్ని వదలకూడదన్న మాట ఎందుకు చెప్తారో తెలుస్తుంది. ఆపదలో సాయం కోసం మండించే ఫ్లేర్లు వెలిగించడం ఇంకోటి. చాలామంది ఏళ్ల తరబడి వాటిని మోస్తూ ఒక్కసారి కూడా వెలిగించి ఉండరు, మామూలుగా వెలిగించడం చట్టరీత్యా నేరం కూడా. ఇక్కడ అనుమతితో, చేతికి గ్లవ్ వేసుకుని, గాలి వాలు చూసుకుని వెలిగించొచ్చు. స్పెయిన్ సముద్ర రక్షణ సంస్థ హెలికాప్టర్ వచ్చి, నీళ్లలో ఉన్న మనిషిని పైకి లాగి చూపించింది. ఆ రెక్కల గాలికి లేచిన నీటి తుంపర వల్ల దగ్గర్లో ఉన్నవాళ్లకి కళ్లు తెరవడం కూడా కష్టమైంది, మాట సంగతి సరే సరి. హెలికాప్టర్ నుంచి వచ్చే తాడుని ముందు నీటిని తాకనివ్వాలి, లేకపోతే స్టాటిక్ కరెంటు కొడుతుంది, ఎట్టి పరిస్థితిలో పడవకి కట్టకూడదు అని విన్నది ఆ రోజే.

ఇక తిండి. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వంటగది ఏర్పాట్లు నా మీద పడ్డాయి, తెలుగువాళ్లకి ఈ విషయంలో చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది.

లాస్ పాల్మాస్‌లో కూరగాయలకి కాయే గలీసియాలోని మెర్కాదో సెంత్రాల్ బాగుంటుంది. ఏటా ఈ సీజన్‌లో పడవలవాళ్లు వస్తారని అక్కడి దుకాణదారులకి తెలుసు. అట్లాంటిక్ దాటుతున్నాం అని చెప్తే, ఫ్రిజ్‌లో పెట్టని సరుకుని, టమాటాల్లో పచ్చివి, దోరవి, పండినవి విడివిడిగా ఏరి ఇస్తారు, పాంటూన్ దాకా పంపిస్తారు. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టిన కూరగాయ బయటికి తీశాక త్వరగా కుళ్లుతుంది, అందుకే సూపర్‌మార్కెట్ కంటే మార్కెట్ నయం. గుడ్లు కూడా అంతే, చల్లారబెట్టనివి, కడగనివి కొని, రెండు మూడు రోజులకోసారి తిరగేస్తూ ఉంటే అవతలి ఒడ్డు దాకా నిలుస్తాయి. క్యాబేజీని కత్తితో కోయకుండా పై ఆకులు ఒక్కొక్కటే ఒలుచుకుంటూ వాడితే చివరి వారంలో కూడా పచ్చి కూర దొరుకుతుంది. అరటి గెల గురించి అందరూ హెచ్చరిస్తారు, అయినా అందరూ కొంటారు. వెనక భాగాన వేలాడదీస్తే ఫొటోకి బాగుంటుంది, కానీ గెలంతా ఒకేసారి పండిపోతుంది, ఆ తర్వాత వరసగా అరటిపండ్లే.

అట్టపెట్టెలు మాత్రం పడవలోకి రానివ్వకండి. అట్ట మడతల్లో బొద్దింకలు గుడ్లు పెడతాయి. ఒకసారి పడవలోకి చేరితే వాటిని వదిలించుకోవడం మహా కష్టం. మేం సామాను మొత్తం పాంటూన్ మీదే విప్పి, పెట్టెలు చెత్తలో వేసి, పండ్లు, కూరలు కడిగి, నీడలో ఆరబెట్టి లోపల పెట్టాం. ఆ రోజంతా అదే పని. నాలుగు వైపులా అందరూ అదే పనిలో ఉంటారు, పాంటూన్ నిండా నారింజలూ ఉల్లిపాయలూ. ఏ వస్తువు ఏ అరలో ఉందో ఒక పుస్తకంలో రాసుకోండి. సముద్రం మీద అర్ధరాత్రి వాచ్‌లో, అంటే కాపలా వంతులో, ఉన్నవాడు బిస్కెట్ల కోసం నిద్రపోతున్నవాళ్ల మంచాల కింద వెతక్కూడదు.

ఇప్పుడు మన సంగతి. కానరీ దీవుల్లో సింధీ వ్యాపార కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, అందుకే లాస్ పాల్మాస్‌లో కందిపప్పు, మినప్పప్పు, మసాలాలు దొరకడం కష్టం కాదు. చింతపండు, ఆవాలు, ఇంగువ నేను ఇంగ్లండ్ నుంచే తెచ్చుకున్నాను. ఆవకాయ, కందిపొడి, మాగాయ అమ్మ పంపినవి. ఫ్రిజ్ అక్కర్లేదు, గ్యాస్ అక్కర్లేదు, నెలల తరబడి నిలవుంటాయి, ఓడ తిండికి ఇంతకంటే అర్హత ఏం కావాలి? డచ్ కుర్రాడికి రేవులోనే ఆవకాయ అన్నం రుచి చూపించాను, బయల్దేరే లోపే ఒక సీసా ఖాళీ చేశాడు. మిగతా మూడు సీసాలు తీసి లెక్క ప్రకారం వారానికి ఒకటి అని రాసి లోపల పెట్టాల్సి వచ్చింది. ప్రెషర్ కుక్కర్ విషయంలో మాత్రం తెల్లవాళ్లు మనకి ఏనాడో చుట్టాలయ్యారు. మూత బిగిసి ఉంటుంది, పడవ ఒరిగినా ఒలకదు, గ్యాస్ ఆదా అవుతుంది, అందుకే దూరం వెళ్లే పడవల్లో అది చాలా మామూలు వస్తువు. పప్పు, అన్నం, సాంబారు, కిచిడీ, అన్నీ అందులోనే. పోపు మాత్రం ఊగే పడవలో ప్రమాదం. నూనె ఒక్కసారి చిమ్మితే డాక్టర్ వెయ్యి మైళ్ల దూరంలో ఉంటాడు. అందుకే రేవులో ఉండగానే పోపు సామాను నూనెలో వేయించి సీసాలో పోసి పెట్టుకున్నాను. పొయ్యి దగ్గర నిలబడేటప్పుడు వాటర్‌ప్రూఫ్ ప్యాంటు వేసుకోమని తిండి సామాను గురించిన ప్రొవిజనింగ్ క్లాసులో చెప్పారు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

నీళ్ల విషయంలో తనిఖీవాళ్ల మాటే ఫైనల్. సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం ఉన్నా సరే, అది పాడైతే బతకడానికి సరిపడా నీళ్లు విడిగా సీసాల్లో ఉండాలి, అన్నీ ఒకే ట్యాంకులో ఉండకూడదు.

అన్నీ ఇలా సాఫీగా జరిగాయనుకోకండి. నవంబర్‌లో ఆ రేవులో రిపేర్లు చేసేవాళ్లందరికీ ఊపిరాడదు. మాస్ట్, తాళ్ల పని చేసే రిగ్గర్ ఒకాయన్ని మేం మాట్లాడుకుంటే ఆయన రేపు, ఎల్లుండి అంటూ చాలా రోజులు తిప్పించుకున్నాడు, చివరికి పక్క పడవ పని మీద వచ్చిన ఇంకొకాయన్ని బతిమాలి చేయించుకున్నాం. ఒక సూపర్‌మార్కెట్ మేం అడిగిన పాలకి బదులు ఇంకేవో పంపి, సగం సామాను వేరే పాంటూన్‌లో దించి వెళ్లింది. అన్నిటికంటే టెన్షన్ పెట్టింది, చుక్కానిని తనంతట తానే తిప్పే ఆటోపైలట్ స్పేర్ పార్టు. కానరీ దీవులు స్పెయిన్‌లో భాగమే అయినా యూరప్ వ్యాట్ పరిధిలోకి రావు, బయటి నుంచి వచ్చే పార్సిల్ కస్టమ్స్ దాటాలి. మామూలు కొరియర్ కదా, నాలుగు రోజుల్లో వస్తుంది అనుకుంటే కుదరదు. కావలసిన స్పేర్లు పడవతో పాటే ఇంగ్లండ్ నుంచో యూరప్ నుంచో తెచ్చుకోండి. లాస్ పాల్మాస్‌లో మంచి దుకాణాలున్నాయి, కానీ ఒకే సైజు ఇంపెల్లర్ (పంపులో తిరిగే చక్రం) కోసం యాభై మంది క్యూలో ఉంటే అవి మాత్రం ఏం చేస్తాయి?

ఈ ఇబ్బందుల్లోనే ఈ ర్యాలీ ఇచ్చే ఇంకో మేలు బయటపడుతుంది. ఆ ఆటోపైలట్ పార్టు చివరికి దొరికింది కొరియర్‌లో కాదు, మూడు పడవల అవతల ఉన్న నార్వే కుటుంబం దగ్గర. వాళ్ల దగ్గర రెండున్నాయి, ఒకటి ఇచ్చేశారు, డబ్బు సెయింట్ లూసియాలో ఇవ్వమన్నారు. సాయంత్రాల్లో ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, జెండాలతో ఊరేగింపు, విందులు, వేషాల పార్టీ. నాకు పార్టీల మీద పెద్ద ఆసక్తి లేదు, కానీ అక్కడ జరిగే మాటలు బంగారం. పోర్చుగల్, జిబ్రాల్టర్ వైపు నుంచి వచ్చినవాళ్లందరూ ఓర్కా తిమింగలాల గురించే మాట్లాడేవారు. 2020 నుంచి ఆ వైపు అవి పడవల చుక్కానుల్ని కొరికి విరిచేస్తున్నాయి. ఆ కథలు విన్న రాత్రి చాలామంది తమ చుక్కానిని ఇంకోసారి చూసుకునే ఉంటారు. పిల్లలతో వచ్చిన కుటుంబాలు కూడా కనిపించాయి. ఆ పిల్లలు పాంటూన్ మీద స్కూటర్లు తొక్కుతూ, ఎవరి పడవలో చాక్లెట్లు ఎక్కువున్నాయో కనుక్కుంటూ తిరిగేవారు.

బయల్దేరే ముందు స్కిప్పర్లకి జరిగే బ్రీఫింగ్ దగ్గర వాతావరణం మారిపోతుంది. కబుర్లు ఉండవు, అందరూ నోట్స్ రాసుకుంటారు. మాకు ముఖ్యంగా చెప్పింది గాలి వేగం పెరిగే ప్రాంతం గురించి. పెద్ద కొండలున్న దీవుల మధ్య నుంచి దూరిన గాలి ఒక్కసారిగా ఊపందుకుంటుంది, లాస్ పాల్మాస్ ఉన్న గ్రాన్ కానరియా దీవి తూర్పు తీరం వెంట దక్షిణానికి దిగేటప్పుడు గాలి వేగం పది పదిహేను నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) పెరిగిపోవచ్చు. అంటే కొత్త క్రూకి, కడుపులో ఇంకా సముద్రం అలవాటు పడకముందే, మొదటి రాత్రే పెద్ద గాలి. మేం అందుకే స్టార్ట్ గీత దాటకముందే తెరచాప తగ్గించి కట్టుకున్నాం, మొదటి రెండు రోజుల వంట ముందే వండి పెట్టుకున్నాం, కడుపు తిప్పకుండా ఉండే మాత్రలు ముందు రోజు రాత్రి నుంచే మొదలుపెట్టాం. వాంతులు మొదలయ్యాక మాత్ర మింగితే అది లోపల నిలవదు.

డబ్బు సంగతి. ఫీజు పడవ పొడవుని బట్టి, క్రూ సంఖ్యని బట్టి మారుతుంది, తక్కువేం కాదు. అనుభవం బాగా ఉండి, ఇంతకు ముందు సముద్రాలు దాటి, తమ పడవని తామే నిర్దాక్షిణ్యంగా తనిఖీ చేసుకోగల వాళ్లకి ఇది అక్కర్లేదు. ఏ నవంబర్‌లోనైనా లా గోమెరా నుంచో ఇంకో దీవి నుంచో సొంతంగా బయల్దేరేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తేదీ ముందే ఖాయం కావడం ఇంకో చిక్కు. అందరూ బయల్దేరుతుంటే సిద్ధంగా లేని పడవ కూడా వెనకే బయల్దేరాలనిపిస్తుంది. నిర్వాహకులు కళ్లు మూసుకుని తోసేయరు, 2012లో గాలి ఎదురుగా బలంగా ఉందని క్రూజింగ్ పడవల స్టార్ట్‌ని రెండు రోజులు వాయిదా వేశారు. అయినా మీ పడవ సిద్ధంగా ఉందా లేదా అన్నది మీ స్కిప్పరే తేల్చాలి, ఒక రోజు ఆలస్యంగా బయల్దేరినా ఎవరూ ఏమీ అనరు. మేం వెళ్లినప్పుడు కూడా రేవులో ఆగిపోయి పని పూర్తిచేసుకుని తర్వాత వచ్చినవాళ్లున్నారు, నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

మొదటిసారి వెళ్లేవాళ్లకి, ముఖ్యంగా కుటుంబంతో వెళ్లేవాళ్లకి, నా రేటింగ్ 5కి 5. అనుభవం ఉన్నవాళ్లకి 3. సేఫ్టీ తనిఖీ ఒక్కదానికే విడిగా రేటింగ్ ఇవ్వమంటే దానికి అంకెలు చాలవు.

తెలుగువాళ్లలో ఎవరైనా క్రూగా వెళ్లాలనుకుంటే రెండు మాటలు. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే వీసా పని నెలల ముందే మొదలుపెట్టండి. స్పెయిన్‌కి షెంగెన్ వీసా, పడవలో దేశం వదిలేటప్పుడు ఎగ్జిట్ నమోదు, దిగే కరీబియన్ దేశం నియమాలు, అక్కడి నుంచి తిరుగు విమానం టికెట్, వీటిలో ఏది తక్కువైనా ఇబ్బంది పడేది మీతో పాటు స్కిప్పర్ కూడా. ఐదు రోజుల కాంపిటెంట్ క్రూ కోర్సు లాంటిదేదైనా చేసి ఉంటే అడగడానికి ధైర్యం వస్తుంది, వంట వచ్చని చెప్తే అవకాశం ఇంకా పెరుగుతుంది, ఇది నిజంగా చెప్తున్నాను.

పడవ ఎంత బాగున్నా స్కిప్పర్ ఎలాంటివాడో చూసుకోకుండా ఒప్పుకోకండి. నవంబర్‌లో ప్రయాణం అంటే వేసవిలోనే ఆ పడవ మీద, అదే మనుషులతో ఒక వారాంతం గడపండి, కనీసం ఒక రాత్రి వాచ్ చేయండి, లైఫ్‌రాఫ్ట్ సర్వీసింగ్ తేదీ అడగండి. దానికి విసుక్కునే స్కిప్పర్‌తో నేనైతే రేవు దాటను.